సగం సాక్ష్యం

మా బడిలో పిల్లలు నన్ను మంగతాయి టీచర్ అంటారు. నా అసలు పేరు వందన. చర్చిలో ఎవరు ఎవరికి వందనాలు చెప్పుకున్నా చిన్నప్పుడు నేను తల తిప్పి చూసేదాన్నని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. పిల్లలకు మాత్రం మంగతాయే నోటికి పట్టింది. అందుకు వాళ్లను అనడానికి లేదు. గిద్దలూరులో ఈ ప్రైవేటు బడిలో తెలుగు చెప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఏ తరగతినీ మంగతాయి కథ చెప్పకుండా పై తరగతికి పంపలేదు. ఛందస్సు సగంలో ఆపి చెప్పిన రోజులు కూడా ఉన్నాయి.

మంగతాయి ఒక పాత నవలలో మనిషి. ఇంటర్లో ఉన్నప్పుడు మా తెలుగు మేష్టారు ఇచ్చిన పుస్తకం అది. నా చేతికి వచ్చేసరికే అట్ట ఊడిపోయి, పేరున్న పేజీ చిరిగిపోయి ఉంది. జమీందారు ఊళ్లో పిల్లలకు ఓనమాలు దిద్దించి బతికే వితంతువు ఆవిడ. జమీందారు కొడుకు పారేసిన చుట్ట నిప్పుకు ధాన్యం కొట్టు తగలబడుతుంది. నేరం పాలేరు మీద పెడతారు. ఊరు ఊరంతా మేం చూడలేదంటే మేం చూడలేదంటుంది. మంగతాయి ఒక్కతే ముతక తెల్లచీర కొంగు భుజం నిండా కప్పుకుని కోర్టుకు నడిచివెళ్లి, "చూసిన కళ్లు నావి, చెప్పే నోరూ నాదే" అంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడిచేది. పుస్తకం మూసి లేచేసరికి నేను కూడా జానెడు పొడుగు పెరిగినట్టు ఉండేది.

అలాంటి పుస్తకాలతో ఒక చిక్కుంది. చదివినవాళ్లకు తాము కూడా అంతేనన్న నమ్మకం ఊరికే వచ్చేస్తుంది. రేషను బియ్యం తూకంలో తగ్గితే నేను నిలదీసేదాన్ని. ఆటోవాడు ఇంకొకరిని ఇరికించబోతే దిగిపోయేదాన్ని. అప్పుడల్లా నాలో మంగతాయి ఉందని మురిసిపోయేదాన్ని. తూకం రాళ్ల దగ్గర ఎవరైనా మంగతాయి కావచ్చు.

మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. బడి బస్సు మా పేట మీదుగానే పోతుంది కాబట్టి నేనూ, టెన్త్ చదివే మా అమ్మాయీ అందులోనే వెళ్లివస్తాం. బస్సు నడిపే ఏబేలుది కూడా మా పేటే, మా చర్చే. ఒకప్పుడు బాగా తాగేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక మానేశాడు. మానేసిన తర్వాత మాటలు కూడా తగ్గించేశాడని మా పేటలో వేళాకోళం చేసేవాళ్లు.

ఆ రోజు సాయంత్రం బడి గేటు దగ్గర బస్సెక్కబోతున్నాను. ఏబేలు కరస్పాండెంటు ఉమామహేశ్వర్లు గారి ముందు నిలబడి ఉన్నాడు. ఆయనకు బజారులో కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. బడి ఆ తర్వాత పెట్టింది. చెడ్డమనిషని చెప్పలేను. ఎండాకాలం పిల్లలకు మజ్జిగ పోయిస్తాడు.

"సార్, బ్రేకు పట్టటంలే. తొక్కితే పెడలు అడుక్కు పోతాంది. రేపు బండి తియ్యను," అన్నాడు ఏబేలు.

"ఏందిరా ఏబేలూ, ఉన్నట్టుండి ఇట్ల చెప్తే పిల్లోళ్లు ఎట్ల రావాల? మార్కాపురం మెకానిక్కు సోమవారం వస్తానన్నాడు. అంతవరకు మెల్లగ నడుపు," అన్నాడాయన. అంటూనే నన్ను చూశాడు. "ఏం మేడం, మీరు గూడ ఆ బస్సులోనే గదా పోయేది? భయమా?"

"మీరుండగా భయమేంది సార్?" అని నవ్వాను.

నేను నవ్వాను. ఏబేలు చెప్పింది వినబడలేదని కాదు. పైవాళ్లు నవ్వుతూ అడిగితే నవ్వుతూ జవాబు చెప్పడం నాకు అలవాటు, అంతే. "సూడు, మేడమే భయపడటంలే, నీకేందిరా?" అన్నాడాయన ఏబేలుతో. ఏబేలు నా వైపు ఒకసారి చూసి తాళంచెవి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున పిల్లలతో నిండిన బస్సు పల్లం దిగుతుంటే కల్వర్టు దగ్గర మేకలమంద అడ్డం వచ్చింది. మంద మధ్యలో కాపరి ముసలాయన ఉన్నాడు. ఏబేలు బ్రేకు తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు, బండి ఆగడంలేదు. చివరికి పక్కన కంపచెట్ల గుంటలోకి తిప్పేశాడు. బస్సు ఒక పక్కకు వాలిపోయింది. నా నుదురు ముందు సీటు కడ్డీకి కొట్టుకుంది. మా అమ్మాయికి చేతులు గీరుకుపోయాయి. ఆరో తరగతి శ్రీదివ్యకు మాత్రం కాలు విరిగింది. ఆ పిల్ల అరుపు ఇంకా నా చెవిలోనే ఉంది.

ఉమామహేశ్వర్లు గారు కారులో పరుగున వచ్చి, శ్రీదివ్యను తన చేతులతోనే ఎత్తుకుని మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఖర్చంతా తనదేనని వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాడు. మధ్యాహ్నానికల్లా ఇంకో మాట కూడా పుట్టింది. డ్రైవరు తాగి ఉన్నాడట. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. సాయంత్రానికి మాత్రం అందరికీ తెలుసు. పాత తాగుబోతు మీద అలాంటి మాట వేస్తే అది తడిగోడకు సున్నంలా అతుక్కుపోతుంది.

శుక్రవారం ఆయన స్టాఫ్‌రూంలోకి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

"సోమవారం పెద్దమనుషుల్ని కూచోబెడ్తాండం మేడం. పోలీసులు గీలీసులు లేకుండ మనలో మనం తేల్చుకుందాం. మొన్న గేటు కాడ మీరుండారో లేదో నాకైతే యాదికి లేదు." కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మీ అమ్మాయి బాగ చదువుతాంది. టెన్త్ గదా, మనమే సూసుకోవాల. మీరు చెప్తారే, ఆ మంగతాయి కథ, మా మనవరాలు ఇంట్లో చెప్తాంటది. మంచి కథ మేడం."

నేను తలూపాను. ఏ మాటకు ఊపానో నాకే తెలియదు.

శనివారం సాయంత్రం ఏబేలు భార్య మణెమ్మ మా ఇంటికి వచ్చింది. మిరపకాయల కూలి నుంచి సరాసరి వచ్చినట్టుంది, చేతులు మంట పుడుతుంటే కొంగుకు రుద్దుకుంటోంది. గడప లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, మా ఆయన చుక్క ముట్టి ఎన్నేండ్లాయనో నీకు తెలుసు. బ్రేకుల్లేవని సార్‌తో చెప్పినాడంట గదా, నువ్వక్కడే ఉన్నావంట. సాక్ష్యం చెప్పక్కా. నువ్వు చెప్తే నమ్ముతారు."

"చెప్తాలే మణెమ్మా," అన్నాను.

ఎక్కడ చెప్పాలో ఆమె అనలేదు. అడగాల్సింది నేను. అడగలేదు. మా చర్చిలో పెరిగినవాళ్లకు సాక్ష్యం అనగానే మొదట గుర్తొచ్చేది కోర్టు కాదు, ఆదివారం ఆరాధన. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు సాక్ష్యాలకు సమయమిస్తారు. దేవుడు మనకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. జ్వరం తగ్గిందని ఒకరు, తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకరు, కొడుకు పాసయ్యాడని ఒకరు చెబుతారు. అందరూ స్తోత్రం అంటారు. ఆ మాటకు ఉన్న ఈ రెండో అర్థం ఆ రాత్రి నాకు దాక్కోవడానికి చోటిచ్చింది. మణెమ్మ సాక్ష్యం అడిగింది, రేపు ఆదివారం, నేను సాక్ష్యం చెబుతాను. ఇలా అనుకుని హాయిగా నిద్రపోయాను కూడా.

ఆదివారం లేచి నిలబడ్డాను. మాట్లాడటం నాకొక విద్య. దేవునికి మహిమ అంటూ మొదలుపెట్టి, ఆ పొద్దున పిల్లలు ఎలా పాడుకుంటూ కూర్చున్నారో, మేకలమంద ఎలా అడ్డం వచ్చిందో, తల్లికోడి పిల్లల్ని రెక్కల కింద దాచినట్టు దేవుడు అందర్నీ ఎలా దాచాడో చెప్పాను. బస్సు అదుపు తప్పింది అన్నాను. పేపర్లో రాస్తారే, అలాగే అన్నాను. ఎందుకు తప్పిందో ఆ దేవునికే ఎరుక అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది. చర్చంతా స్తోత్రం, స్తోత్రం అంది.

ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మణెమ్మ నా నోరే చూస్తోంది. నేను కూర్చున్నాక కూడా ఇంకా ఏదో మిగిలి ఉన్నట్టు చూస్తూనే ఉంది. అందరి తర్వాత, మెల్లగా, ఆమె కూడా స్తోత్రం అంది. మగవాళ్ల వైపు ఏబేలు తల ఎత్తలేదు.

సోమవారం ఆఫీసు గదిలో పెద్దమనుషులు కూర్చున్నారు. ఒక గోడ ఇవతల నేను తొమ్మిదో తరగతికి సవర్ణదీర్ఘ సంధి చెబుతున్నాను. జన్మలో అంత గట్టిగా ఏ సంధీ చెప్పి ఉండను. ఏబేలు గొంతు వినబడకూడదని నా ఆరాటం. నన్ను ఎవరైనా పిలిస్తే వెళ్దామనుకున్నాను. పిలవకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. ఎవరూ పిలవలేదు.

తీర్పు మధ్యాహ్నం తెలిసింది. కేసైతే లైసెన్సు పోతుంది, జైలు కూడా తప్పకపోవచ్చు, తాగానని ఒప్పుకుంటే ఉద్యోగంతో పోతుంది అన్నారట పెద్దమనుషులు. ఏబేలు కాసేపు కూర్చుని, ఒప్పుకున్నాడట.

రెండురోజులకు కొళాయి దగ్గర మణెమ్మ కలిసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. "వందనాలక్కా," అని నా బిందె ముందుకు జరిపింది.

"ఏబేలు ఎందుకట్ల ఒప్పుకున్నాడు మణెమ్మా?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఒప్పుకోక ఏం జేస్తాడక్కా, ఆయన పక్క ఎవరుండారు? రూతు వాళ్ల నాయనతో మాట్లాడటమే మానేసింది. మీరే తాగినానని ఒప్పుకుంటిరి గదా, ఇంగ నన్నేమనమంటారు అంటాంది. చర్చికి గూడ రానంటాంది." రూతు వాళ్ల ఒక్కగానొక్క కూతురు, కంభంలో ఇంటర్ చదువుతోంది. మణెమ్మ బిందె కింద పెట్టుకునే గుడ్డచుట్ట సర్దుకుంటూ, నన్ను చూడకుండానే అంది. "నువ్వు సాక్ష్యం చెప్తావనుకున్నా అక్కా."

"చెప్పినాను గదా మణెమ్మా, ఆదివారం!"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె నా ముఖంలోకి చూసింది. కొళాయి నీళ్లు ఆమె బిందె నిండి పొర్లిపోతున్నాయి.

"ఔలే అక్కా," అంది. "నేనే సరిగ అడగలే."

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను నా బిందె పట్టుకోవడం మరిచి అక్కడే నిలబడ్డాను. సిగ్గుతో ఒళ్లు కాలిపోయిందంటే అది మాటవరసకు అనడం కాదు, చెవుల దాకా మంట పుట్టింది. నా దొంగమాటకు కూడా ఆమే తప్పు ఒప్పుకుని పోయింది. ఆ ఇంట్లో ఇద్దరి చేతా చెయ్యని తప్పు ఒప్పించాం మేము, కరస్పాండెంటు గారు ఒక పక్క, నేను ఒక పక్క.

ఇంటికొచ్చి ఆ పాత పుస్తకం తీశాను. ధైర్యం కోసం తీశానని చెబితే బాగుంటుంది. నిజానికి సాకు కోసం తీశాను. మంగతాయికి పిల్లల్లేరు, టెన్త్ చదివే కూతురు లేదు, పోతే పోయే ఉద్యోగం కూడా పెద్దది కాదు. ఆమెకు తేలిక, నాకు కాదు అని తేల్చుకుందామనుకున్నాను. ఆ సాకు దొరికింది కూడా. దొరికాక, ఏమీ తోచక, ఇంకో విషయం వెతికాను. ఆమె సాక్ష్యం వల్ల బయటపడ్డ ఆ పాలేరు పేరేమిటి?

నాకు గుర్తురాలేదు. మంగతాయి చీర గుర్తుంది, ఆమె నడిచిన దారి గుర్తుంది, బోనులో ఆమె తల ఎత్తిన తీరు గుర్తుంది. పాలేరు పేరు గుర్తులేదు. పేజీలు తిప్పుతూ వెతికాను. అతను పుస్తకం మొత్తంలో మూడుచోట్ల వస్తాడు. చేతులు కట్టి తెచ్చినప్పుడు, బోనులో నిలబెట్టినప్పుడు, విడుదలయ్యాక మంగతాయికి చేతులు జోడించినప్పుడు. మూడుచోట్లా "ఆ పాలేరు" అనే ఉంది. అతనికి పేరు పెట్టలేదు రాసినాయన. పెళ్లాం ఉందో లేదో చెప్పలేదు. అగ్గి పెట్టినవాడని ఊరంతా అంటున్న ఆ నెలలన్నీ అతని ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడారో, మాట్లాడలేదో రాయలేదు. సరే, రాసినాయన సంగతి వదిలేద్దాం. కూలిచేసి నన్ను చదివించిన అమ్మకు పుట్టి, ఇన్నేళ్లుగా ఇన్నిసార్లు చదివి, ఇన్ని తరగతులకు చెప్పి, నేనెందుకు అడగలేదు? నాకు మంగతాయి కావాలి. ఆమె తల ఎత్తడానికి ఎవడో ఒకడు తల దించుకుని ఉండాలి, అంతవరకే నాకు అతనితో పని. పుస్తకం అవతల పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు.

ఇంత తెలిశాక కూడా నిజం చెప్పడానికి గురువారం ఎవరి దగ్గరికీ వెళ్లలేదు, శుక్రవారం వెళ్లలేదు. ఆ రెండురోజులూ బడిలో ఉమామహేశ్వర్లు గారు కనబడితే నమస్తే సార్ అన్నాను. తెలుసుకున్నంత మాత్రాన మనిషి కదలడని నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఆదివారం నెలలో మొదటిది, ప్రభువు బల్ల ఇచ్చే రోజు. ఆ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలంటే తప్పు చేసినవాళ్లు ముందు సంఘం ఎదుట ఒప్పుకోవాలి. పాస్టరు పాల్ రాజు అయ్యగారు ఈ విషయంలో గట్టివాడు. సొంత తమ్ముడినే ఒకసారి బల్ల దగ్గర ఆపేశాడు. పాటలయ్యాక ఆయన ఏబేలు వైపు చూసి, "నాయనా, లేచి చెప్పు. దేవుడు క్షమిస్తాడు," అన్నాడు.

ఏబేలు లేచాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతులు ముందుకు కట్టుకున్నాడు.

"ఆ పొద్దున... నేను..." అన్నాడు. ఆగిపోయాడు.

"చెప్పు నాయనా."

"నేను ఆ పొద్దున తా..." అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు. పెద్దమనుషుల ముందు అనగలిగిన మాట ఈ బల్ల ముందు అతనికి నోరు దాటడంలేదు. అబద్ధం చెబితే దేవుడు వింటాడు, చెప్పకపోతే రొట్టె దక్కదు. చెమట కణతల మీదుగా కారుతోంది. మణెమ్మ ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను లేచాను. ఒళ్లేమీ గగుర్పొడవలేదు. మాటలు కూడా అందంగా రాలేదు.

"అయ్యగారూ, ఏబేలు తాగలేదు. బ్రేకులు పట్టటంలే, బండి తియ్యనని ముందురోజే కరస్పాండెంటు సార్‌తో చెప్పినాడు. నేను పక్కనే ఉన్నా. భయమా మేడం అని సార్ అడిగినాడు. నేను నవ్వినాను. నా నవ్వు చూపించి బండి తియ్యమన్నాడు. పోయిన ఆదివారం నేను చెప్పింది సగం. మణెమ్మ అడిగింది ఈ సగం. ఆమె సరిగ్గానే అడిగింది."

స్తోత్రం అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అయ్యగారు అడిగాడు.

"ఈ మాట ఆ సార్ ముందర చెప్తావా అమ్మా? కాలిరిగిన పాప వాళ్లమ్మానాయనకు చెప్తావా?"

"చెప్తా అయ్యగారూ. రేపే చెప్తా."

ఆయన ఏబేలును కూర్చోమన్నాడు. ఆ రోజు అతనికి రొట్టె అందింది. పళ్లెం నా దాకా వచ్చినప్పుడు నేనే తీసుకోలేకపోయాను.

ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను. సిగ్గులేని మనసు, అప్పుడు కూడా ఒక్క క్షణం ఎదురుచూసింది, ఏబేలు వచ్చి చేతులు జోడిస్తాడేమోనని. అతను చెప్పులు వేసుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతులు జోడించలేదు.

"రేపటి సంగతి రేపు టీచరమ్మా," అన్నాడు. "ముందు మా ఇంటికి రా."

ముగ్గురం నడిచాం. వాళ్ల ఇంటి ముందు రూతు తీగ మీద బట్టలు ఆరేస్తోంది. తండ్రిని చూసి తల తిప్పుకుని, సగం ఆరేసిన చీరను అలాగే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. మణెమ్మ ఆ చీర కొసను అందుకుని తీగ మీద వేసింది.

ఏబేలు వీధిలోనే ఆగిపోయాడు.

"నువ్వు పో టీచరమ్మా. మా పాపకు చెప్పు. ఆ పిల్ల నమ్మినాక నన్ను పిలువు, వస్తా."

తన ఇంటి ముందు, ఎండలో, పిలుపు కోసం అతను నిలబడ్డాడు. నేను చెప్పులు విడిచి లోపలికి వెళ్లాను.